అద్దె ఇంటి వాకిలి ఎవరిది?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబరులో హైదరాబాదులోని రాయదుర్గంలో ఎకరం భూమి 177 కోట్ల రూపాయలకు వేలంలో పోయిందన్న వార్తను నేను ఒకే రోజు రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ఉదయం పనికి బయలుదేరే ముందు ఇంట్లో చదివాను. రాత్రి తిరిగి వచ్చేసరికి మా ఇంటి యజమాని అదే పేజీని నాలుగు మడతలు పెట్టి చేత్తో పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. "చూసిన్రా సార్, భూముల రేట్లు ఎట్ల పోతున్నయో" అని మొదలుపెట్టి, వచ్చే నెల కొత్త అగ్రిమెంటులో కిరాయి 11,500 నుంచి 13,500 అవుతుందని తేల్చి చెప్పారు. రాయదుర్గం నగరానికి ఆ కొసన ఉంటే మేముండే బోడుప్పల్ ఈ కొసన ఉంది. అక్కడ భూమి కొన్నవారు ఆకాశాన్నంటే భవనం కట్టుకుంటారు, సర్కారు ఖజానాకు డబ్బు చేరుతుంది. ఇక్కడ మా పోర్షన్‌కు ఒక్క ఇటుక అదనంగా చేరలేదు, స్నానాల గది పైకప్పు ఎప్పటిలాగే కారుతూనే ఉంది, అయినా అద్దె పెరిగింది. అంతకుముందు 2017లో మెట్రో రైలు వచ్చినప్పుడు, ఉప్పల్ దగ్గరే కదా అని పెరిగింది. 2018లో పనులు మొదలైన ఉప్పల్-నారపల్లి వంతెన కింద గుంతల్లో, దుమ్ములో ఏళ్ల తరబడి ప్రయాణం చేసినప్పుడు మాత్రం ఎవరూ ఒక్క రూపాయి తగ్గించలేదు.

నేను మందుల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగిని. 2003లో సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి ఈ నగరానికి వచ్చాను. రామంతాపూర్, నాచారం, హబ్సిగూడ, మళ్లీ రామంతాపూర్, ఇలా తిరిగి తిరిగి మూడేళ్ల కిందట బోడుప్పల్ చేరాం. ఇది మాకు ఎనిమిదో ఇల్లు. ఇంట్లో నా భార్య, ఇంటర్ చదివే అబ్బాయి, 78 ఏళ్ల మా అమ్మ ఉంటారు. అద్దె పెరిగిందని మొర పెట్టుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బియ్యం నుంచి బస్సు పాసు దాకా అన్నీ పెరుగుతున్నప్పుడు అద్దె ఒక్కటే ఆగిపోవాలని నేను కోరను. 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్లలో ఉన్నాయి. ఇంత మంది బతుకు నడిచేది ఏ ఆధారం మీద అన్న ప్రశ్నను మన పత్రికలు, పార్టీలు, ప్రభుత్వం ఒక్కసారైనా గట్టిగా అడగాలన్నదే నా కోరిక.

ముందు ఆ అగ్రిమెంటు సంగతి చెప్పాలి. అది ఎప్పుడూ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో చాలామంది అద్దెదారులకు తెలియదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూల రూపంలో ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని ఉంది. ఆ ఖర్చు, ఆ తలనొప్పి ఎందుకని ఒక నెల తగ్గించి స్టాంపు కాగితం మీద ముగిస్తారు. మా కాగితంలో పద్నాలుగు షరతులు ఉన్నాయి. అయిదో తారీఖులోపు కిరాయి ఇవ్వాలి, గోడలకు మేకులు కొట్టరాదు, చుట్టాలు మూడు రోజులకు మించి ఉండరాదు, రాత్రి పదిన్నరకు గేటు మూస్తారు, ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల కిరాయి అడ్వాన్సులోంచి పట్టుకుంటారు. పద్నాలుగూ నేను చేయవలసినవో, చేయకూడనివో. కారే పైకప్పును ఎన్నాళ్లలో బాగు చేయించాలన్నది అందులో లేదు. యజమాని చేయవలసిన పని ఒక్కటి కూడా ఎక్కడా రాయలేదు. రోజంతా ఇతరుల ఖాతాలు సరిచూసే మనిషిని కాబట్టి, ఒకవైపు పద్దులే ఉన్న ఆ కాగితం మీద సంతకం పెట్టిన ప్రతిసారీ నాకు చేయి ఆగుతుంది.

మరి చట్టం లేదా అంటే ఉంది. భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయించడం మీద నియంత్రణ కోసం 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టమే తెలంగాణకూ సంక్రమించింది. అద్దెకు రసీదు ఇవ్వాలని, నీళ్లు, కరెంటు వంటి వసతులను యజమాని ఆపరాదని అందులో మంచి మాటలు ఉన్నాయి. అయితే 2005లో వచ్చిన సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు ఆ చట్టం కిందకు రాకుండా పోయాయి. ఈ రోజు హైదరాబాదులో 3,500 రూపాయలకు దొరికే ఇల్లు ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే నేను చూడాలనుకుంటున్నాను. ఒంటి గదికి కూడా అంతకంటే ఎక్కువే అడుగుతున్నారు. ఆ పరిధి దాటినవారికి మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఒప్పందంలో వేరే మాట లేకపోతే నెలవారీ అద్దెదారుకు పదిహేను రోజుల నోటీసు ఇస్తే చాలని అది చెబుతుంది. పదిహేను రోజుల్లో ఇల్లు వెతుక్కుని, అడ్వాన్సు కూడబెట్టుకుని, పిల్లల బడి సంగతి చూసుకుని సామాను ఎత్తుకోవడం ఎట్లా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది. న్యాయం కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చని ఒక వకీలు గారు నాకు మంచి మనసుతోనే చెప్పారు. నా అగ్రిమెంటు పదకొండు నెలలది. అక్కడ వాయిదాలు ఏళ్ల తరబడి నడుస్తాయి.

ఇక నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టిన సంఘటన చెబుతాను. మాఘమాసంలో మా పై పోర్షన్‌లో ఉండే ఆటో నడిపే తమ్ముడి తల్లి ఆసుపత్రిలో కాలం చేసింది. సాయంత్రం నాలుగు గంటల వేళ ఆమెను తీసుకుని వ్యాను మా గల్లీలోకి వచ్చింది. గేటు వేసే ఉంది. యజమాని లోపలివైపు నిలబడి, ఫాల్గుణంలో కూతురి పెళ్లి పెట్టుకున్నామని, ఫోన్‌లో పంతులు గారిని అడిగితే ధనిష్ఠా పంచకమన్నారని, శవం గడప దాటితే ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాల్సి వస్తుందని చెప్పారు. ఆయన అరవలేదు, తిట్టలేదు. చేతులు జోడించే చెప్పారు. ఆ నమ్మకాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు, మా అమ్మకూ ఆ నమ్మకం ఉంది. కానీ ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో వండి తిన్న మనిషి, అదే వాకిలిలో రోజూ పొద్దున్నే ముగ్గు వేసిన మనిషి, చివరిసారి ఆ వాకిట్లో పడుకోవడానికి వీలులేకపోయింది.

ఎదురుగా ఖాళీ ప్లాటు ఉంది. అందులో తుమ్మ చెట్ల మధ్య ఇంత చోటు శుభ్రం చేసి, టెంట్ హౌస్ నుంచి ఒక షామియానా, ఇరవై కుర్చీలు తెచ్చారు. కొడుకులలో ఒకరు మహారాష్ట్రలోని భివండిలో మగ్గం పని చేస్తాడు, తెల్లారేదాకా రాలేడు, కాబట్టి ఫ్రీజర్ పెట్టె తెప్పించాల్సి వచ్చింది. పెట్టె వచ్చింది గానీ దానికి కరెంటు లేదు. ఆ తమ్ముడు మా తలుపు దగ్గరికి వచ్చి, "అన్నా, మీ పోర్షన్ల నుంచి ఒక్క ప్లగ్గు ఇస్తరా, పొద్దుగాల తీసేస్త" అన్నాడు. అప్పటికే యజమాని భార్య మా ఇంట్లోకి వచ్చి, బిల్డింగ్ నుంచి ఏమీ ఇవ్వొద్దని మా ఇంటామెకు చెప్పి వెళ్లారు. నేను ఆ తమ్ముడికి ఏమీ చెప్పలేకపోయాను. మా అగ్రిమెంటు, మా అబ్బాయి పరీక్షలు, కొత్త ఇంటి అడ్వాన్సు ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. నా మౌనాన్ని అర్థం చేసుకున్నట్టే తల ఊపి వెళ్లిపోయాడు. చివరికి మూల మీది కిరాణా దుకాణం ఆయన ఎక్స్‌టెన్షన్ వైరు వేసి కరెంటు ఇచ్చాడు. ఆ ఎర్ర వైరు గల్లీకి అడ్డంగా పోతుంటే, బండ్లు తొక్కకుండా దాని మీద ఒక గోనెసంచి, రెండు ఇటుకలు పెట్టారు. మంచు పడుతున్న ఆ రాత్రంతా ఆడవాళ్లు షామియానా కింద రోడ్డు మీదే కూర్చున్నారు. పొద్దున స్నానం చేయించడానికి నీళ్లు కూడా ఆ దుకాణం నుంచే బిందెలతో మోశారు. దినాలు చేసుకోవడానికి వాళ్లు ఘట్‌కేసర్ దగ్గరి చుట్టాల ఇంటికి వెళ్లారు.

మా అమ్మ ఇదంతా బాల్కనీలోంచి చూసింది. ఆ రాత్రి అన్నం తినలేదు. నేను అడిగితే, "నాకు బాగలేనప్పుడు ముందే ఊరికి తోలుకపో బిడ్డా" అన్నది. ఊళ్లో మా ఇల్లు 2011లో చెల్లెలి పెళ్లికి అమ్మేశాం. ఆ సంగతి ఆమెకు గుర్తుంది, అయినా అన్నది.

ఇది మా ఒక్క గల్లీ కథ కాదు. ఈ నగరంలోనూ, జిల్లా కేంద్రాల్లోనూ ఇలాంటి వార్తలు మీ జిల్లా పేజీల్లో ఏడాదికి నాలుగైదు సార్లయినా కనిపిస్తూనే ఉంటాయి. రోగి ఆఖరి దశలో ఉన్నాడని తెలిసి ముందే ఖాళీ చేయించినవారూ ఉన్నారు, శవాన్ని నేరుగా శ్మశానానికే తీసుకుపోయినవారూ ఉన్నారు. చదివి అయ్యో అనుకుంటాం, మర్నాటికి మరిచిపోతాం. నేనూ మరిచిపోయినవాడినే.

ఆ తర్వాత నేను ఏ వార్త చదివినా అద్దెదారు అందులో ఎక్కడున్నాడని వెతకడం అలవాటైంది. 2024 చివర్లో మూసీ నది గర్భంలోని ఇళ్లకు ఎర్ర రంగుతో గుర్తులు పెట్టినప్పుడు, యజమానుల కన్నీళ్లు చూశాం, వారి పట్టాల గురించి, వారికిచ్చే డబుల్ బెడ్‌రూం ఇళ్ల గురించి రోజూ చర్చ విన్నాం. అది జరగాల్సిన చర్చే. కానీ అదే ఇళ్లలో ఒక్కో గది తీసుకుని ఉండే కూలీలు, ఇళ్లలో పని చేసుకునే ఆడవాళ్లు సామాను నెత్తిన పెట్టుకుని ఎటు పోయారన్నది నేను చదివింది చాలా తక్కువ. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో అయిదు లక్షలు ముందుగా అందింది సొంత జాగా ఉన్నవారికి. జాగా ఉంటే ఈ నగరంలో ఇరవై ఏళ్లు అద్దెకు ఎందుకుంటాం?

గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితమని 2024 మార్చి నుంచి అమలవుతోంది. అద్దెకున్నవారికి కూడా వర్తిస్తుందని ప్రకటించారు, అందుకు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. మా భవనంలో మూడు పోర్షన్లకూ కలిపి సర్వీసు కనెక్షన్ ఒక్కటే ఉంది. లోపల సబ్‌మీటర్లు పెట్టి, యూనిట్‌కు పది రూపాయల చొప్పున యజమాని వసూలు చేస్తారు. మూడు ఇళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే 200 దాటకుండా ఎలా ఉంటుంది? మా ఇంట్లో నెలకు తొంభై యూనిట్లు కాలితే తొమ్మిది వందలు కడుతున్నాను. పథకం రాసినవారు సొంత ఇంటిని కళ్ల ముందు పెట్టుకుని రాశారు. వేరే మీటరు కావాలని అడిగే హక్కు అద్దెదారుకు ఉందో లేదో ఎవరూ ఆలోచించలేదు.

ఓటు సంగతీ అంతే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ స్థానాల్లో పోలింగ్ సగం కూడా దాటలేదు. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలోనూ అదే జరిగింది. ప్రతిసారీ నగరవాసి బద్ధకస్తుడని, సెలవు ఇస్తే నిద్రపోతాడని సంపాదకీయాలు వస్తాయి. మీ పత్రికలో వచ్చిన ఆ మాట నన్ను బాధించింది, అందుకే నిర్మొహమాటంగా చెబుతున్నాను. నా ఓటు రెండిళ్ల కిందటి రామంతాపూర్ బూత్‌లో ఉంది, నా భార్య ఓటు నాచారంలో ఉంది, మా అమ్మ ఓటు ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. ఇల్లు మారినప్పుడల్లా ఫారం 8 నింపి మార్చుకోవచ్చు, నిజమే. రెండుసార్లు నింపాను. చిరునామా రుజువు కావాలంటే కరెంటు బిల్లు యజమాని పేరు మీద ఉంటుంది, అగ్రిమెంటు కాపీ ఇవ్వడానికి ఆయన వెనకాడతారు. ఇంటి పన్ను పెరుగుతుందని, ఓటు నమోదైతే ఇంటి మీద హక్కు వస్తుందని ఆయనకు ఎవరో చెప్పారు. జాబితాలో పేరుండి ఆ ఇంట్లో మనిషి లేనప్పుడు పోలింగ్ శాతం తగ్గక ఏమవుతుంది? ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణ 2025లో బీహార్‌లో మొదలై ఒక్కో రాష్ట్రానికి విస్తరిస్తున్న వేళ, మొదట పేరు పోయేది ఇల్లు మారిన మనిషిదే అవుతుందని నాకు భయంగా ఉంది. 2024 నవంబరులో కులగణన కోసం వచ్చిన టీచరమ్మ కూడా "మీరు ఊళ్లో రాయించుకోలేదా?" అనే మమ్మల్ని మొదట అడిగింది. ఇరవై ఏళ్లు దాటినా మేం ఇక్కడివాళ్లమని ఎవరికీ అనిపించదు.

యజమానుల బాధలు నాకు తెలియనివి కావు. మా ఇంటాయన రిటైరైన సర్కారు ఉద్యోగి. వచ్చిన సొమ్మంతా ఆ ఇటుకల్లో పెట్టారు, ఆ కిరాయిలే ఆయన మందులకూ పెళ్లి ఖర్చులకూ ఆధారం. మా అబ్బాయికి డెంగీ వచ్చిన రాత్రి ఒంటిగంటకు తన కారు తీసి మమ్మల్ని ఆసుపత్రికి చేర్చింది ఆయనే. ఏళ్ల తరబడి అద్దె ఇవ్వకుండా, ఖాళీ చేయకుండా కోర్టుకెక్కి ఏడిపించిన అద్దెదారులను కూడా నేను చూశాను. ఆ భయంతోనే చాలామంది ఇళ్లకు తాళం వేసి ఉంచుకుంటారు. 2011 జనగణనలో పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు కోటి పది లక్షలని తేలింది. ఒకవైపు తాళం వేసిన ఇల్లు, మరొకవైపు ఇల్లు దొరకని మనిషి: ఇద్దరి మధ్య నమ్మదగిన చట్టం లేకపోవడమే ఇందుకు కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టానికి ఆమోదం తెలిపింది. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఇంట్లోకి రావాలంటే యజమాని ఒక రోజు ముందు తెలియజేయాలి, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. తగాదా వస్తే ప్రత్యేక అద్దె కోర్టు అరవై రోజుల్లో తేల్చడానికి చూడాలి. గడువు దాటినా ఖాళీ చేయని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగింతలు కట్టాలన్న నిబంధన కూడా అందులో ఉంది, అది న్యాయమే. గృహవసతి రాష్ట్రాల అధికారంలోనిది కాబట్టి దాన్ని అమలు చేయడం రాష్ట్రాల ఇష్టం. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టాలు చేసుకున్నాయి. మన రాష్ట్రంలో 1960 నాటి చట్టం, దానికి 3,500 రూపాయల కంచె అలాగే ఉన్నాయి. శాసనసభలో భూముల మీద, నీళ్ల మీద గంటల కొద్దీ మాట్లాడుకునే మన ప్రతినిధులు అద్దె ఇళ్ల మీద ఒక పూట కేటాయించాలని కోరుతున్నాను.

ఆ నమూనా చట్టంలో అద్దెదారు చనిపోతే ఒప్పందం మిగిలిన కాలానికి వారసులకు వర్తిస్తుందని ఉంది. చనిపోయిన మనిషిని ఆ ఇంటి వాకిట్లో ఒక రాత్రి ఉంచుకోవచ్చా అన్నది లేదు. చట్టం రాసినవారికి అలాంటి ప్రశ్న వస్తుందని తోచి ఉండదు. మన దగ్గర చట్టం చేసేటప్పుడు ఆ ఒక్క వాక్యం చేర్చాలి. అప్పటిదాకా పురపాలక అధికారులు ప్రతి వార్డులో, నీళ్లూ కరెంటూ ఉన్న ఒక షెడ్డును కట్టించి, అద్దెకున్నవారు దినాలయ్యేదాకా వాడుకునేలా చూడాలి. ఫంక్షన్ హాళ్లకు చోటు దొరికిన ఊళ్లో దానికి నాలుగు గుంటలు దొరక్కపోవు. వార్డు ఎన్నికలలో ఓట్లడగడానికి మా గల్లీకి వచ్చే అభ్యర్థులను నేను అడగబోయేది ఇదే. మిగతా గల్లీలవారు కూడా అడిగితే బాగుంటుంది.

మా పదకొండు నెలలు వచ్చే అక్టోబరులో పూర్తవుతాయి. పోయిన ఆదివారం నేను మా ఇంటి యజమాని దగ్గరికి వెళ్లి, కొత్త అగ్రిమెంటులో పదిహేనో షరతుగా ఒక వాక్యం రాయించమని అడిగాను: ఈ ఇంట్లో ఉండగా మా కుటుంబంలో ఎవరైనా కాలం చేస్తే, అంత్యక్రియలయ్యేదాకా వారిని వాకిట్లో ఉంచుకోవడానికి యజమాని అభ్యంతరం చెప్పరు. అద్దె మరో అయిదు వందలు పెంచినా ఇస్తానన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా అమ్మ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. ఇంట్లో అడిగి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.

భవదీయుడు,
ఒక అద్దెదారు,
బోడుప్పల్, హైదరాబాద్